రెండోసారి పిలిచారంటే...

కోదాడ దగ్గరి గుడిబండలో 1923లో పుట్టిన తాడేపల్లి లక్ష్మీకాంతారావుకు నాటకాలంటే మోజు. ఆ మోజే ఆయన్ను మద్రాసు దాకా తీసుకెళ్లింది. దర్శకుడు హెచ్.ఎం.రెడ్డి 1951లో ‘నిర్దోషి’లో ఆయనకు ఒక చిన్న వేషం ఇచ్చారు. పేరు తెచ్చే వేషమేమీ కాదది. రెండేళ్లు గడిచాక, 1953లో, అదే హెచ్.ఎం.రెడ్డి ‘ప్రతిజ్ఞ’ తీస్తూ అదే మనిషిని హీరోగా పెట్టుకున్నారు. జానపద సినిమాల కత్తి కాంతారావు కథ అక్కణ్నుంచే ఊపందుకుంది.

ఒకసారి చూసిన నటుణ్ని మళ్లీ పిలిచి చూడటం నాటకానికీ సినిమాకూ కొత్తేమీ కాదు. అప్పట్లో దానికొక పేరూ లేదు, పద్ధతీ లేదు. ఇప్పుడు రెండూ వచ్చాయి. ఆడిషన్ ఇచ్చి వచ్చిన రెండు రోజులకో, వారానికో ఫోన్‌లో ఓ మెసేజ్ పడుతుంది. ఫలానా రోజు, ఫలానా టైముకు ఇంకోసారి రండి అని. కాల్‌బ్యాక్ అంటున్నది దీన్నే.

ఆ మెసేజ్ సూర్యాపేటలోనో, మిర్యాలగూడలోనో ఒక ఇంటికి చేరేసరికి దాని అర్థం మారిపోతుంది. అమ్మ పక్కింటావిడకు చెబుతుంది. మేనమామ వాట్సాప్ స్టేటస్ పెడతాడు. పొద్దుగూకేసరికి ‘మా పిలగాడు సెలెక్ట్ అయిండు’ అనే మాట వాడంతా తిరుగుతుంది. తీరా వెళ్లొచ్చాక వేషం రాకపోతే ఆ పిల్లవాడు పది రోజులు గడప దాటడు. కాల్‌బ్యాక్ అంటే ఏమిటో ముందుగా ఎవరూ చెప్పకపోవడం వల్ల వచ్చే తిప్పలివి.

మళ్లీ పిలిచారంటే వేషం ఇచ్చేశారని కాదు. దర్శకుడికి ఇంకా ఒక సందేహం మిగిలి ఉందని. ఆ సందేహం చాలాసార్లు నటన గురించి కూడా అయి ఉండదు.

మొదటిసారి వడపోత, రెండోసారి జోడీ

మొదటి ఆడిషన్‌లో ఒక్కొక్కరికి దొరికేది రెండు మూడు నిమిషాలే. ఒక డైలాగు చెప్పమంటారు, ఒక పాటో పద్యమో వచ్చా అని అడుగుతారు. ఆ కాస్త సమయంలో దర్శకుడు చూసేవి మోటు విషయాలు. గొంతు చివరి వరుసదాకా వెళ్తుందా, మాట తడబడుతోందా, నలుగురి ముందు నిలబడితే చేతులు ఎటు పోతున్నాయి, కళ్లు నేల చూస్తున్నాయా, మనుషుల్ని చూస్తున్నాయా. ఇది వడపోత. పనికిరానివాళ్లను తీసేయడానికే తప్ప ఫలానా వేషం ఫలానా వాళ్లకని తేల్చడానికి అది సరిపోదు.

రెండో విడతకు వచ్చేసరికి మిగిలినవాళ్లంతా ఎంతో కొంత నటించగలిగినవాళ్లే. ఇక తేలాల్సింది ఎవరి పక్కన ఎవరు నిలబడతారన్నది. కావడికి ఒక పక్క బరువు ఎక్కువైతే ఎంత బలమైనవాడైనా నాలుగడుగులు సరిగ్గా వేయలేడు. నాటకమూ అంతే.

‘కన్యాశుల్కం’ వేద్దామనుకున్న ఒక బృందాన్ని ఊహించుకోండి. గిరీశం వేషానికి ఇద్దరు మిగిలారు. ఒకతను పొడగరి, గొంతు ఖంగుమంటుంది. రెండో అతను మెత్తగా మాట్లాడతాడు గానీ మాట మాటకూ కళ్లలో కొంటెతనం మారుతుంటుంది. విడివిడిగా చూస్తే మొదటివాడిదే పైచేయి. అయితే మధురవాణి వేషానికి అనుకున్న అమ్మాయిది చిన్న గొంతు. పొడగరి పక్కన ఆమె మాట మునిగిపోతోంది. మెత్తని గిరీశం ఎదుట నిలబెడితే అదే అమ్మాయి నిప్పురవ్వలా ఉంది. దర్శకుడు ఎవరికి ఓటేస్తాడు? అమ్మాయిని మారిస్తే ఒక జవాబు, ఉంచితే ఇంకో జవాబు. వేషం పోతే పొడగరికి ఈ లెక్క ఎవరూ విడమరిచి చెప్పరు. తనకు నటన రాదనుకుని ఇంటికి పోతాడు.

ఆ గదిలో ఏం జరుగుతుంది?

కాల్‌బ్యాక్‌కు వెళ్లినవాళ్లకు ముందుగా ఎదురయ్యేది చేతిలో పెట్టే కాగితం. నాటకంలోంచి ఒక పేజీ. పది పదిహేను నిమిషాలు చదువుకోమని, తర్వాత ఎదుటివాళ్లతో కలిసి చదివించి చూస్తారు. ఈ తరానికి ఇక్కడే మొదటి దెబ్బ తగులుతుంది. ఇంగ్లిష్ మీడియంలో చదివిన పిల్లలు తెలుగు గడగడా మాట్లాడతారు, అచ్చు తెలుగు పేజీ చేతికిస్తే కూడబలుక్కుంటారు. ఒత్తులు తింటారు, వాక్యం ఎక్కడ విరవాలో తెలియక మధ్యలో ఊపిరి తీస్తారు. కంఠతా పట్టిన పోర్షన్‌లో మొదటిరోజు బయటపడని ఈ లోటు రెండోరోజు దాగదు. దీనికి మందు ఖర్చులేనిదే. రోజూ పేపర్లో ఒక వార్త గట్టిగా, కామా దగ్గర ఆగుతూ, చుక్క దగ్గర నిలబడుతూ చదవడం.

కాగితం అయ్యాక అసలు పరీక్ష మొదలవుతుంది. చెప్పిన డైలాగునే ఇంకోలా చెప్పమంటారు. కోపంగా చెప్పావు, ఇప్పుడు ఆ కోపం ఎదుటివాడికి కనబడకుండా చెప్పు. నిలబడి చెప్పావు, ఇప్పుడు మంచం వాల్చుతూ చెప్పు. ఎదుట ఉన్నది నీ అన్న కాదు, నీకు అప్పిచ్చినవాడు. చాలామంది ఇక్కడే తికమకపడతారు. మొదట చెప్పింది నచ్చలేదేమో అనుకుని డీలా పడతారు. కొందరైతే తాము చేసిందే సరైనదని వాదనకు దిగుతారు. మార్చి చెప్పమనడం వెనక దర్శకుడు చూసేది ఒక్కటే. రాబోయే రిహార్సల్స్‌లో ఈ మనిషి చెప్పింది వింటాడా, విన్నదాన్ని ఒంట్లోకి తీసుకోగలడా అని. మార్పు గొప్పగా రాకపోయినా ఫర్వాలేదు, రావాలి. మూడుసార్లు చెప్పించినా మూడుసార్లూ ఒకే రాగం తీసేవాణ్ని చూస్తే దర్శకుడి గుండె జారిపోతుంది.

మూడోది జతలు మార్చడం. అబ్బాయిలు ముగ్గురు, అమ్మాయిలు ముగ్గురు ఉంటే ఒకే సన్నివేశాన్ని తొమ్మిది రకాలుగా నడిపి చూడొచ్చు. ఈ సమయంలో తన వంతు లేనివాళ్లు ఫోన్ చూస్తూ కూర్చున్నారా, ఎదుటివాళ్ల మాట వింటున్నారా అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. తన డైలాగు మాత్రమే చెప్పి, ఎదుటివాడి డైలాగు వస్తుంటే గోడవైపు చూసే నటుడు స్టేజీ మీద కూడా అదే చేస్తాడు.

మన నాటకంలో ఈ పద్ధతి ఉందా?

ఆడిషన్ అనే మాట లేనంత మాత్రాన ఎంపిక లేదని కాదు. తెలంగాణ పల్లెల్లో చిరుతల రామాయణం నేర్పే గురువు ముందు ఊళ్లో కుర్రాళ్లందరి చేతా పాడించి చూస్తాడు. శ్రుతి నిలిచేవాడికి రాముడు, గొంతు గంభీరంగా ఉన్నవాడికి రావణుడు, అడుగు చురుగ్గా పడేవాడికి హనుమంతుడు. నేర్పడం మొదలయ్యాక, కొన్ని రాత్రులు గడిచాక వేషాలు అటూ ఇటూ మార్చడమూ ఉంటుంది. ఆ మార్పిడే ఊరి నాటకంలో కాల్‌బ్యాక్. కొన్ని ఊళ్లలో వేషానికింత అని చందా వేసుకుంటారు కాబట్టి గొంతుతో పాటు జేబు కూడా తూకంలోకి వస్తుంది. ఆ సంగతి కూడా చెప్పుకోవాలి.

సురభిది ఇంకో దారి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన ఆ నాటక కుటుంబాల్లో ఆడిషన్ అనేదే లేదు. చంటిబిడ్డగా స్టేజీ ఎక్కినవాళ్లు బాలకృష్ణుడు, లోహితాస్యుడు మీదుగా పెద్ద వేషాలకు ఎదుగుతారు. ప్రతి ప్రదర్శనా ఒక పరీక్షే, చూసేది ఇంటి పెద్దలే. అందుకే సురభి నటుల ఎంపికకు ఏళ్లు పడుతుంది, బయటివాళ్ల ఎంపిక ఒక మధ్యాహ్నంలో తేలిపోతుంది.

అనుకోకుండా వచ్చిన పిలుపులూ ఉన్నాయి. బాపట్లలో 1920లో ‘హరిశ్చంద్ర’ వేయాల్సిన రోజు చంద్రమతి వేషధారి రాలేదు. ఆ వేషం నేను కడతానని ముందుకొచ్చిన కుర్రాడు స్థానం నరసింహారావు. తర్వాత స్త్రీ పాత్రలకు ఆయన పేరే కొలమానమైంది. 1956లో పద్మశ్రీ వచ్చింది. ఆ సాయంత్రం ఆయన్ను ఆదుకున్నది సిద్ధంగా ఉండటం. వేషం తనది కాకపోయినా నాటకం తనకు తెలుసు. రెండో పిలుపుకు వెళ్లే ఇప్పటి కుర్రాడు కూడా తన పోర్షన్ ఒక్కటే కాకుండా సన్నివేశమంతా చదువుకుని పోవడం అందుకే మంచిది. చాలాసార్లు ఒక వేషానికి పిలిచి ఇంకో వేషం చదివిస్తారు.

పరిషత్తు నాటకాలు ఆడేవాళ్లకు ఈ రెండంచెల పద్ధతి బాగా అలవాటే. 1998లో మొదలైన నంది నాటకోత్సవాల్లో ముందు ప్రాథమిక పరిశీలన ఉంటుంది. అందరూ ‘స్క్రూటినీ’ అంటారు. దాన్ని దాటిన నాటకాలే తుది పోటీకి వెళ్తాయి. ఎంపికైన బృందానికి బహుమతి వచ్చినట్లు ఎవరూ అనుకోరు, ఊళ్లో టపాసులు పేల్చరు. నాటకం మొత్తానికి అర్థమైన ఈ సంగతి ఒక నటుడి విషయంలో మాత్రం అర్థం కాదు.

ఢిల్లీలో కొన్ని రోజులు, న్యూయార్క్‌లో కొన్ని నెలలు

1959లో ఏర్పడిన ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో సీటు కోరేవాళ్లు రెండు మెట్లు ఎక్కాలి. మొదటిది తొలి విడత ఆడిషన్. అందులో నెగ్గినవాళ్లను ఢిల్లీకి పిలిచి కొన్ని రోజుల వర్క్‌షాప్ పెడతారు. అక్కడ అభ్యర్థి ఒంటరిగా చేసిందాని కంటే పదిమందితో కలిసి చేసేదే ముఖ్యం. ఆటలు ఆడిస్తారు, అప్పటికప్పుడు సన్నివేశం అల్లమంటారు, పాడిస్తారు, కదిలిస్తారు. ఒక మనిషి మూడు నిమిషాలు బాగుండొచ్చు. మూడు రోజులు బాగుండటం వేరే సంగతి.

ఆడిషన్ మీదే నడిచిన ప్రపంచ ప్రసిద్ధ నాటకం ‘ఎ కోరస్ లైన్’. 1975లో న్యూయార్క్ బ్రాడ్‌వేలో మొదలై 1990 దాకా 6,137 ప్రదర్శనలు ఆడింది. చివరి విడతకు మిగిలిన 17 మంది డాన్సర్లలోంచి 8 మందిని ఎంచుకునే కథ. కొందరు డాన్సర్లు 1974లో కూర్చుని చెప్పుకున్న సొంత జీవితాలే దానికి ముడిసరుకు. విచిత్రం ఏమిటంటే, వాళ్లలో కొందరు తమ కథలోంచి పుట్టిన వేషానికి తామే ఆడిషన్ ఇవ్వాల్సి వచ్చింది.

ఆ నాటకాన్ని 2006లో మళ్లీ వేసినప్పుడు జరిగిన ఎంపికను ‘ఎవ్రీ లిటిల్ స్టెప్’ అనే డాక్యుమెంటరీగా తీశారు. అందులో షీలా అనే పాత్రకు పోటీపడిన రేచెల్ రాక్ అనే నటి మొదటి విడతలో అందర్నీ కట్టిపడేసింది. నెలలు గడిచాక చివరి విడతకు పిలిచారు. ఆమె చేస్తుంటే దర్శకుడు ఆపి, పోయిన వేసవిలో చేసినట్లు చేయమన్నాడు. అప్పుడేం చేసిందో ఆమెకే గుర్తులేదు. ఆ వేషం మరొకరికి పోయింది. అదే సినిమాలో పాల్ పాత్రకు వచ్చిన జేసన్ టామ్ అనే యువకుడు చదువుతుంటే ఎదురుగా కూర్చున్నవాళ్లు కన్నీళ్లు తుడుచుకున్నారు. వేషం అతనికే దక్కింది.

రేచెల్‌కు జరిగింది మిర్యాలగూడ అమ్మాయికైనా జరగొచ్చు. మొదటి ఆడిషన్ అయి బయటికి రాగానే, బస్సు ఎక్కకముందే, ఏం చేశారో ఫోన్‌లో నాలుగు ముక్కలు రాసుకోవడం అవసరం. ఏ డైలాగు, ఏ వేగంలో, ఎక్కడ ఆగారు, ఎక్కడ నవ్వు వచ్చింది, ఏ బట్టలు వేసుకున్నారు. బట్టల సంగతి తమాషాకు చెబుతున్నది కాదు. రోజంతా వందమందిని చూసినవాళ్లు పేర్లు మరిచిపోతారు, ‘పసుపు చుడీదార్ అమ్మాయి’ అని గుర్తుపెట్టుకుంటారు. అందుకే అనుభవమున్న నటులు రెండోసారికి కూడా మొదటి రోజు బట్టలకు దగ్గరగా ఉన్నవే వేసుకుని వెళ్తారు.

దూరం, యాస

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు కాల్‌బ్యాక్ ఒక మెట్రో ప్రయాణం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడవాళ్లకు ఒక రోజు సెలవు. సూర్యాపేట, కోదాడ 65వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్నాయి కాబట్టి బస్సులకు కొదవలేదు, రైలు మాత్రం సూర్యాపేట పట్టణానికి ఇంకా రాలేదు. మిర్యాలగూడకు బీబీనగర్ – నడికుడి మార్గం ఉంది. ఏ ఊరి నుంచి బయల్దేరినా మూడు నాలుగు గంటలు చేతిలో ఉంచుకోవాలి. పది గంటలకు రమ్మంటే పదికి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగేలా కాదు, పదికి గొంతు సవరించుకుని కూర్చునేలా బయల్దేరాలి. ఏసీ బస్సులో కిటికీ పక్కన నిద్రపోయి లేచిన గొంతు పద్యం ఎత్తుకోలేదు.

దూరాన్ని దాచుకోవాల్సిన పనీ లేదు. ముందురోజు మధ్యాహ్నం మెసేజ్ పెట్టి తెల్లారేసరికి రమ్మంటే, ఊరు ఫలానా అని, పన్నెండు తర్వాత టైమిస్తే వస్తానని మర్యాదగా అడగొచ్చు. పద్ధతిగా నడిచే బృందాలు దీన్ని తప్పుగా తీసుకోవు.

యాస విషయంలో కాలం మారింది. ఒకప్పుడు స్టేజీ మీద తెలంగాణ మాట నౌకరు వేషానికో, నవ్వుల వేషానికో సరిపెట్టేవారు. 2023లో వచ్చిన ‘బలగం’ సినిమా ఇల్లిల్లూ తిరిగిందంటే ఆ మాట తీరుకు వాటా ఉంది. అందులో కొమురయ్యగా కనిపించిన కేతిరి సుధాకర్ రెడ్డి రంగస్థలం నుంచి వచ్చినవారే. కోదాడవాళ్లకు ఇంకో సౌకర్యం కూడా ఉంది. పొలిమేర దాటితే జగ్గయ్యపేట. రెండు వైపుల మాటా చిన్నప్పటి నుంచి చెవిన పడుతుంది. ఒకే డైలాగును ఇంటి యాసలో ఒకసారి, పుస్తకాల తెలుగులో ఒకసారి చెప్పగలిగినవాళ్లకు రెండో విడతలో గిరాకీ ఎక్కువ. దర్శకులు అడిగి మరీ చెప్పించుకుంటారు. యాసను మింగేసి రావడం కాదు, కావాల్సినప్పుడు తీయడం, పెట్టడం తెలియాలి.

ఫోన్ రాకపోతే

కాల్‌బ్యాక్ అయ్యాక వచ్చే మౌనం నటుణ్ని ఎక్కువ నలిపేస్తుంది. చెప్పిన గడువు దాటాక ఒకసారి, ఒక్కసారే, మెసేజ్ పెట్టడంలో తప్పు లేదు. రోజూ గుడ్ మార్నింగ్‌లు పంపడం, దర్శకుడి ఇంటి ముందు నిలబడటం వేషాన్ని తేవు. ఉన్న మంచి పేరును పోగొడతాయి.

ఇంకో సంగతి ఇంట్లోవాళ్లకు తెలియాలి. అసలు కాల్‌బ్యాకే లేకుండా వేషం వచ్చేవాళ్లూ ఉంటారు. మొదటి రోజే దర్శకుడికి సందేహం తీరిపోతే మళ్లీ పిలవాల్సిన అవసరం లేదు. ఎన్.టి.రామారావును స్క్రీన్ టెస్ట్ కూడా లేకుండా ఫొటో చూసే బి.ఎ.సుబ్బారావు ‘పల్లెటూరి పిల్ల’కు తీసుకున్నారని చెబుతారు. కాబట్టి స్నేహితుడికి పిలుపు వచ్చి మనకు రాకపోతే ఆట ముగిసినట్లు కాదు. వచ్చిందంటే గెలిచినట్లూ కాదు. రెండో పిలుపు దాకా వెళ్లి వేషం పోయినవాళ్ల పేరు దర్శకుడి డైరీలో ఉంటుంది. తర్వాతి నాటకానికి ముందుగా తిరగేసేది ఆ పేజీనే.

డబ్బు అడిగితే

అవకాశం కోసం ఎదురుచూసే చోట మోసానికీ చోటుంటుంది. మీరు ఫైనల్ రౌండ్‌కు వచ్చారు, రిజిస్ట్రేషన్‌కు ఇంత, పోర్ట్‌ఫోలియోకు ఇంత, వర్క్‌షాప్‌కు ఇంత అని యూపీఐ నంబరు పంపేవాళ్లు దొరుకుతారు. ఊళ్లో బియ్యం మిల్లులో లెక్కలు రాసే తండ్రి ఆ డబ్బు అప్పు తెచ్చి కడతాడు. నాటక శిక్షణ సంస్థలు కోర్సుకు ఫీజు తీసుకోవడం వేరు, వేషం ఇస్తామని డబ్బు అడగడం వేరు. మొదటిదానికి రసీదు ఉంటుంది, రెండోదానికి ఆశ తప్ప ఏమీ ఉండదు. అమ్మాయిలను ఒంటరిగా హోటల్ గదికి రమ్మనే పిలుపు కూడా కాల్‌బ్యాక్ కాదు. రిహార్సల్ హాలు, కనీసం మరో ఇద్దరు నటులు, సరైన వేళ, ఇవి లేనిచోట అడుగుపెట్టకూడదు. మోసపోయామని తెలిస్తే సైబర్ మోసాల ఫిర్యాదుకు 1930 నంబరు ఉంది.

రెండో పిలుపు వచ్చిన పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు ఫోన్‌లోనే నాలుగు విషయాలు అడిగి తెలుసుకోవాలి. ఏ నాటకం? ఏ వేషానికి చూస్తున్నారు? రిహార్సల్స్ ఎన్ని రోజులు, ఎక్కడ? వేషం వస్తే దారిఖర్చులు ఎవరివి? సరైన బృందం ఈ నాలుగింటికీ రెండు నిమిషాల్లో జవాబు చెబుతుంది. చెప్పడానికి నసిగే చోటికి సూర్యాపేటలో బస్సు ఎక్కి పోవాల్సిన పనిలేదు.